రొయ్యల గట్టు మీద ఫోర్ వీల్ జీపు

బండికి వచ్చిన రోగం బండిలోనే ఉంటుందని నమ్మే కుర్ర మెకానిక్కుల కోసం ఇది రాస్తున్నాను. నేనూ చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. నెల్లూరు ఊరి బయట ఒక షెడ్డులో జీపుల పని చేసి చేసి, ఇక వంగేది లేదని మోకాళ్ళు తెగేసి చెప్పాక ఇంటిపట్టున కూర్చున్నాను. బాగుచేసిన బండ్లు చాలావరకు మరిచిపోయాను. పని సవ్యంగా జరిగితే గుర్తుండడానికి ఏముంటుంది? మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించిన జీపు ఒకటుంది. అది మాత్రం గుర్తుంది.

ఇప్పుడు నాలుగు చక్రాలకూ బలం వెళ్ళే బండ్లు కంపెనీ వాళ్ళే చేసి, మీట నొక్కితే చాలంటున్నారు. మా షెడ్డులో ఆ పని చేత్తో చేసేవాళ్ళం. మామూలు జీపులో ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది, ముందువి ఊరికే దొర్లుతాయి. వాటికి కూడా బలం ఇవ్వాలంటే గేరుబాక్సు వెనక ఇంకో గేర్ల పెట్టె బిగించాలి, ముందు ఇరుసు తీసేసి లోపల గేర్లున్న ఇరుసు వెయ్యాలి, రెంటినీ ఒక షాఫ్టుతో కలపాలి, డ్రైవరు చేతికి ఒక లివరు ఇవ్వాలి. లివరు వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి, తీస్తే రెండే లాగుతాయి. చెప్పడానికి ఇంతే. బండిని ఇలా మార్చాలంటే రవాణా ఆఫీసు అనుమతి కావాలి. అప్పుడూ కావాల్సిందే. ఆ సంగతి ఇక్కడితో ఆపేస్తాను.

ఈ పనిలో నాకు జోడు మా టర్నరు. షెడ్డు మూల లేత్ మిషను మీద షాఫ్టులు కోసేవాడు, తిప్పేవాడు, కొలతకు తెచ్చేవాడు. వయసులో నాకంటే పెద్ద. పొద్దున్నే లేత్‌కు కర్పూరం వెలిగించనిదే మోటారు వేసేవాడు కాదు. వెలిగించాక ఇక ఎవరి మాటా వినేవాడు కాదు. తాను చేసిన వస్తువులో వంక ఉందంటే కన్నకూతుర్ని అన్నట్టు బాధపడేవాడు. అలాగని నేనేమీ తక్కువవాణ్ణి కాదు, ఇద్దరికీ నోరు పెద్దదే. మా ఇద్దరి మధ్య ఎడం ఉండాలనే యజమాని లేత్‌ను ఆ మూల పెట్టించాడని షెడ్డులో అందరూ అనుకునేవాళ్ళు.

ఒక ఎండాకాలం చిల్లకూరు వైపు నుంచి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. వరి పండించే కుటుంబం. ఊళ్ళో కొంచెం మాగాణి ఉంది. అది చాలక సముద్రం వైపు రెండు రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్నారు. మాట్లాడేదంతా ఆమే. ఆయన పక్కన నిలబడి తల ఊపేవాడు. ఏదో ఆఫీసు వేలంలో కొన్న పాత జీపులో వచ్చారు. నడిపింది కూడా ఆమే. ఆయన ఆయుష్షంతా ట్రాక్టరు మీద గడిపిన మనిషి. జీపు స్టీరింగు చేతికి ఆనదని దాని జోలికే పోడట.

వాళ్ళ కష్టం ఏమిటో ఆమె వివరంగా చెప్పింది. తారు రోడ్డు దిగాక కొంత దూరం గ్రావెల్ రోడ్డు, అది అయ్యాక చెరువుల మధ్య సన్నటి గట్టు. మేతైనా డీజిలైనా ఆ గట్టు మీదే పోవాలి. వాన పడితే నల్లమట్టి సబ్బులా అయిపోయి జీపు వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ట్రాక్టరు పోగలదు గానీ దాని పెద్ద చక్రాలు గట్టును దున్నేస్తాయి. ఒకసారి అలాగే గట్టు తెగి ఒకరి చెరువు ఇంకొకరి చెరువులో కలిసిందట. అప్పటి నుంచి వానలో ట్రాక్టరు గట్టు ఎక్కకూడదని ఆ చెరువుల వాళ్ళంతా కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. ఆ కట్టుబాటు మీరిన వాడికి తర్వాత నీళ్ళు తోడుకోవడానికి కూడా ఎవరూ దారివ్వరు.

రొయ్యలకు నీళ్ళలో గాలి కావాలి. అందుకోసం చెరువులో రెక్కల చక్రాలు పెట్టి నీళ్ళను చిలుకుతూ ఉంటారు. వాటిని ఏరేటర్లంటారు. మబ్బు పట్టిన రోజున అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక పూటలో చచ్చిపోతాయి. మబ్బు పట్టిన రోజునే మన కరెంటు కూడా పోతుంది. అప్పుడు జనరేటరే దిక్కు, దానికి డీజిలు కావాలి. కిందటి పంట వాళ్ళకు అలాగే పోయింది. డీజిలున్న జీపు గట్టు మధ్యలో కూరుకుపోయింది. మనుషులు మోసుకుని వెళ్ళేసరికి ఒక చెరువు నిండా చచ్చిన రొయ్యలు తేలి ఉన్నాయి.

"ఈ తూరి కూడా పోతే మాగాణి అమ్మాల్సిందే మేస్త్రీ. మా మామ సంపాదించింది. అది అమ్మినాక ఊళ్ళో తలెత్తుకోని తిరగలేము," అన్నది ఆమె. ఏడుస్తూ చెప్పలేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

పని ఒప్పుకున్నాం. మద్రాసు పాత సామాన్ల బజారు నుంచి మిలిటరీ జీపు తాలూకు ముందు ఇరుసు, గేర్ల పెట్టె తెప్పించాం. ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. ముందు ఇరుసులో గేర్ల పళ్ళ లెక్క, వెనక ఇరుసులో లెక్క ఒకటే కావాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఒక వేగంతో తిరగబోతాయి. మధ్యలో షాఫ్టు ఇద్దరి చేతుల్లో పడ్డ తడిగుడ్డలా మెలిపడుతుంది. నేను పళ్ళు లెక్కపెట్టాను. టర్నరు వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. నా లెక్క మీద నమ్మకం లేకనా అంటే, నాకు లెక్కే రాదని నమ్మకం అన్నాడు. లెక్క సరిపోయింది. షాఫ్టు ఆయన చాలా అందంగా చేశాడు. ఆ మాట ఆయన ముందు అనలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

జీపును పెన్న ఇసుకలో దించి చూశాం. నాలుగు కాళ్ళతో పాకే జంతువులా ఎక్కి వచ్చింది. ఆమె తానే నడిపి చూసుకుని నవ్వింది. ఆమె భర్త బండి చుట్టూ తిరిగి వెనక చక్రాల దగ్గర కాసేపు నిలబడి, ఇంత చిన్నవైతే ఎట్లా అన్నాడు. ట్రాక్టరు మనుషులకు అన్నీ చిన్నగానే కనపడతాయని నేను పట్టించుకోలేదు. తారు రోడ్డు మీద లివరు వెయ్యొద్దనీ, గ్రావెల్ రోడ్డు మొదలయ్యాక వేసుకోమనీ ఆమెకు చెప్పి పంపించాను.

వానలు మొదలయ్యాక ఆమె ఫోను చేసింది. గట్టు దగ్గరికి చేరేసరికి బండి బిగుసుకుపోతోందనీ, లివరు ముందుకూ రాదు వెనక్కీ పోదనీ, గేర్ల పెట్టె బొంయ్‌మని అరుస్తోందనీ, కాలిన నూనె వాసన వస్తోందనీ చెప్పింది. తీసుకురమ్మన్నాను. ఇద్దరూ తెచ్చారు. షెడ్డులోకి వచ్చిన జీపు లివరు వెన్నలో కత్తిలా కదిలింది. బయట తిప్పాం, ఏమీ లేదు. ఏటి ఇసుకలో తిప్పాం, ఏమీ లేదు. ఆస్పత్రి గడప తొక్కగానే జ్వరం తగ్గే రోగులుంటారే, అలా ఉంది దాని వాలకం. అయినా విప్పి చూసి, మళ్ళీ బిగించి పంపించాం.

మళ్ళీ అదే ఫోను వచ్చింది. మళ్ళీ తెచ్చారు. మళ్ళీ ఏమీ లేదు. ఈసారి నాకూ టర్నరుకూ చెడింది. నేను బిగించిన గేర్లలోనే తేడా ఉందని ఆయన అన్నాడు. ఆయన తిప్పిన షాఫ్టు వంకర అని నేను అన్నాను. శుక్రవారం నేను నమాజుకు వెళ్ళి వచ్చేసరికి, నేను బిగించి సీలు వేసిన గేర్ల పెట్టెను విప్పి నేల మీద గుడ్డ పరిచి పళ్ళు లెక్కపెడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆయన అంతకు రెండింతలు మాట్లాడాడు. ఆ రోజు నుంచి మాకు మాటలు లేవు. ఆయన చెప్పదలుచుకున్నది లేత్‌కు చెప్పేవాడు, కొందరు కళ్ళుండీ చూడలేరని. నేను చెప్పదలుచుకున్నది జీపుకు చెప్పేవాణ్ణి, కొందరి చేతిలో పడి నీ బతుకు ఇలా అయిందని. షెడ్డు మొత్తానికి మేమిద్దరం ఒక వేడుక అయ్యాం.

ఆ రెండోసారి వీల్ నట్ల మీద కొత్తగా పానా పట్టిన గీతలు చూశాను. ఆమె భర్తను అడిగితే పంచరు పడిందన్నాడు. పంచర్లు పడని దారా అది. సరేననుకున్నాను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. నెల్లూరులో రాత్రంతా కురిసి తెల్లారినా వదల్లేదు. పొద్దున ఆమె నుంచి ఫోను వచ్చింది. నిన్నటి నుంచి చెరువుల దగ్గర కరెంటు లేదట. జనరేటరులో ఉన్న డీజిలు సాయంత్రం వరకు వస్తే గొప్ప. రెండు డ్రమ్ముల డీజిలు వేసుకుని బయల్దేరితే జీపు గ్రావెల్ రోడ్డు చివర, గట్టు మొదట్లో బిగుసుకుని నిలబడిపోయింది. ఇద్దరు కూలీలు క్యాన్లు భుజాన వేసుకుని బురదలో నడిచి వెళ్ళారట గానీ, అది జనరేటరు గొంతు తడపడానికి కూడా చాలదు. వేరే జీపు ఏదీ ఆ వానలో రానన్నది. ఆమె అన్నీ చెప్పి చివర ఒక్క మాట అన్నది.

"మీరే ఏసిచ్చినారు గదన్నా. మీరే రాండి."

అంతవరకు మేస్త్రీ అనేది. అన్నా అన్నది అప్పుడే. మా యజమాని షెడ్డు వ్యాను తీయించి, పోతే ఇద్దరూ కలిసి పొండి, తప్పెవరిదో అక్కడే తేల్చుకుని రండి, లేకపోతే అసలు రావద్దు అన్నాడు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. టర్నరు వెనక పానాల పెట్టె మీద కూర్చున్నాడు. గూడూరు దాటి చిల్లకూరు మీదుగా చెరువుల దాకా మా ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. వైపరు మాత్రం గొణుగుతూ ఉంది.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. జీపు గట్టుకు మొహం పెట్టి నిలబడి ఉంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుని ఉంది, చీర మోకాళ్ళ దాకా బురద. ఆయన తల మీద ఫీడు సంచి కప్పుకుని డ్రమ్ముల మూతలు తడవకుండా టార్పాలిను పట్టుకుని నిలబడ్డాడు. నేను వ్యాను దిగి జీపు వెనక నుంచి నడిచాను. రెండడుగులు వేసి ఆగిపోయాను.

వెనక టైర్లు కొత్తవి. పొట్ట ఎత్తుగా, లోతైన గాడులతో, ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్ళలా ఉన్నాయి. ముందు టైర్లు మేం చూసిన పాతవే. నేను జేబులో పురికొస తీసి వెనక చక్రం చుట్టుకొలత పట్టాను. అదే పురికొస ముందు చక్రానికి చుడితే జానెడు మిగిలిపోయింది. వెనక చక్రం ఒక చుట్టు తిరిగే లోపల ముందు చక్రం చుట్టు దాటి ఇంకాస్త తిరగాలి. ముందూ వెనకా షాఫ్టుతో కట్టేసి ఉంటే ఆ మిగులు పోవడానికి దారేదీ లేదు. బురదలో అయితే చక్రం జారి తప్పించుకుంటుంది. గట్టి గ్రావెల్ మీద జారదు కాబట్టి గేర్లలోనే మెలిపడుతుంది. గేర్లలో తప్పు లేదు, షాఫ్టులో తప్పు లేదు.

ఈ టైర్లు ఎప్పటివని అడిగాను. బండి తీసుకెళ్ళిన వారంలోనే వేయించామని ఆయన చెప్పాడు. గట్టు మీద ఆమె జారిపోకుండా గట్టి పట్టు ఉండాలని తానే వెతికి తెచ్చాడట. ట్రాక్టరుకు వెనక పెద్ద చక్రం, ముందు చిన్న చక్రం ఉండడం పుట్టినప్పటి నుంచి చూసిన మనిషి ఆయన. మరి మా షెడ్డుకు వచ్చినప్పుడు ఇవి ఎక్కడున్నాయని అడిగాను. ఆయన ఆమె వైపు చూసి, తల దించుకుని, ఇంట్లో ఉన్నాయన్నాడు.

మా నెల్లూరులో బండిని షెడ్డులో వదిలే ముందు స్టెప్నీ, జాకీ, పాటల పెట్టె ఇంట్లో దించి రావడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మెకానిక్కు చేతిలో మంచి వస్తువు మిగలదని నమ్మకం. వైపరు రెక్కలు కూడా విప్పి దాచుకుని వచ్చినాయన ఒకడు నాకు తెలుసు. వీళ్ళు ఇంకో మెట్టు పైకెక్కారు. కొత్త టైర్లు మేం మార్చేస్తామని వాటిని ఇంటి దగ్గర విప్పేసి, పాతవి తగిలించుకుని వచ్చేవాళ్ళు. మందు కూడా అందులోనే ఉంది. జాకీ ఎత్తి చక్రం గాలిలోకి లేపగానే లోపలి మెలి విడిపోతుంది, లివరు కదులుతుంది. అంటే రోగాన్ని ఇంటి దగ్గర వదిలి, ఆరోగ్యంగా ఉన్న బండిని మాకు చూపించేవాళ్ళు. మేం దాని కడుపు కోసి వెతికేవాళ్ళం.

నాకు కోపం వచ్చింది. వాన, టర్నరుతో పడిన గొడవ, దొంగల కింద జమకట్టారన్న ఉక్రోషం, అన్నీ కలిసి వచ్చాయి. ఆమె ముందరే ఆయన్ని పట్టుకుని దులిపేశాను.

"ఏమయ్యా, నీ టైర్లు తినేదానికి మేమేమన్నా ఎలకలమా? రెండు తూర్లు బండి కోసి చూసినాం. ఒక్క మాట చెప్పుంటే ఈ పొద్దు నీ డీజిలు చెరువు కాడ ఉండేది. నీ పంట నీ చేత్తోనే చెడగొట్టుకున్నావు గదయ్యా."

ఆయన తల మీది సంచి తీసి పక్కన పెట్టి, పానా అందుకుని వెనక చక్రం ముందు బురదలో కూర్చున్నాడు. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. ఏరేటర్ల చప్పుడు దూరం నుంచి గాలితో వచ్చి పోతోంది. ఆ చప్పుడు ఆగిందో లేదో విందామని అందరం మధ్య మధ్యలో గమ్మునుంటున్నాం.

పాత టైర్లు వాళ్ళ ఇంట్లో పశువుల కొట్టంలో ఉన్నాయి. ఆ ఊరి దారిలో వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. చేతిలో ఉన్నవి పెద్దవి రెండు, చిన్నవి రెండు. జాకీ ఎత్తి మెలి విడిపించగలం. కానీ గట్టు మొదటి సగం దాకా గ్రావెల్ వేసి గట్టిపరిచింది. అక్కడ మళ్ళీ బిగుసుకుంటే, ఆ ఇరుకులో జాకీ పెట్టడానికి కూడా చోటు ఉండదు. వెనక చక్రాలతోనే పోదామంటే అవతలి సగం బురద ఒప్పుకోదు. నాకు ఏమీ తోచలేదు. తోచలేదని చెప్పడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి ముందు ఇరుసు కిందికి దూరి ఏదో చూస్తున్నట్టు పడుకున్నాను.

టర్నరు వచ్చి నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నెల రోజుల పైన ఆయన నాతో అన్న మొదటి మాట ఇదే.

"ముందొకటి పెద్దది, ఎనకొకటి పెద్దది ఏస్తేనో?"

నేను పడుకున్నవాణ్ణి లేచి కూర్చోబోయి తల ఇరుసుకు కొట్టుకున్నాను. ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలు ఎక్కువ తక్కువ తిరగవచ్చు. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, అందుకే ఇరుసు మధ్యలో ఆ తేడాను సర్దే గేర్లు ఉంటాయి. ముందుకూ వెనక్కూ మధ్య మాత్రం సర్దే వాళ్ళు లేరు. ఒక్కో ఇరుసుకు ఒక పెద్దది, ఒక చిన్నది వేస్తే ముందు లెక్కా వెనక లెక్కా ఒకటవుతాయి. బండి ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టు కుడి పక్కకు వాలి ఉంది కాబట్టి పెద్దవి రెండూ కుడి పక్కనే వేస్తే బండి నిటారుగా నిలబడుతుంది. బుర్ర ఉన్న మనిషి అని ఆయన్ని మొహం మీదే మెచ్చుకున్నాను. ఆయన విననట్టు నటించాడు గానీ విన్నాడు.

జాకీ నానిన గ్రావెల్‌లో దిగబడుతుంటే కింద పలక వేసి, గట్టు తెగితే వేయడానికి ఉంచిన మట్టి బస్తాలు దానికి ఆనించాం. వెనక చక్రం నేల వదలగానే దానంతట అదే గిర్రున వెనక్కి తిరిగింది. లోపల టప్పున మోగి లివరు వదులైంది. నేనూ టర్నరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చక్రాలన్నీ మార్చి బిగించింది ఎక్కువగా ఆయనే, ఆమె భర్త. మేం పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి తానే చేశాడు.

నేను నడుపుతానన్నాను. ఆమె సీటు దిగలేదు.

"బండి మీకు తెలుసు, గట్టు నాకు తెలుసు. మీరు పక్కన కూసోండన్నా."

కూర్చున్నాను. టర్నరూ ఆయనా పారలు పట్టుకుని వెనక నడిచారు. లివరు వేసింది. జీపు కుంటుకుంటూ గట్టెక్కింది. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంటే రెండు చేతులా పట్టి ఉంచింది. నేను గేర్ల పెట్టె చప్పుడు వింటున్నాను. మొదటి సగం దాటాం, అరుపు లేదు, వాసన లేదు. బురదలోకి దిగాక వెనక భాగం చెరువు వైపు జారింది. పక్కన నీళ్ళు కనపడ్డాయి. డ్రమ్ములు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నేను నా సీటు కింది ఇనుప కడ్డీని పట్టుకున్నాను, భయపడ్డాను, చెప్పడానికి సిగ్గు లేదు. ఆమె బ్రేకు తొక్కలేదు, అది తొక్కితే పోయేవాళ్ళం. మెల్లగా యాక్సిలరేటరు ఇచ్చింది. ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని బండిని గట్టు మధ్యకు లాగాయి. మేం ఎండాకాలమంతా చేసిన పనికి ఫలితం ఆ ఒక్క లాగుడే.

చెరువుల దగ్గరికి చేరేసరికి జనరేటరు దగ్గుతోంది. పెద్ద చెరువులో ఏరేటర్లు సగం వేగంతో తిరుగుతున్నాయి. ఒక మూల రొయ్యలు పైకి తేలి గట్టు అంచున చేరి మీసాలు ఆడిస్తున్నాయి. రొయ్యల రైతుకు అంతకంటే చెడ్డ దృశ్యం లేదట. డ్రమ్ము నుంచి పైపు వేసి డీజిలు పోశాం. జనరేటరు నూనె పైపులో చేరిన గాలి నేను తీశాను. అది ఒకసారి ఆగి, అందరి గుండెలూ ఆపి, మళ్ళీ అందుకుంది. ఏరేటర్ల రెక్కలు నీళ్ళను పైకి ఎగజిమ్మడం మొదలుపెట్టాయి.

ఇక చెయ్యడానికి ఏమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. మూల చేరిన రొయ్యల్లో కొన్ని తెల్లబడి అడుగుకు పోయాయి. తక్కినవి నెమ్మదిగా కనపడకుండా పోయాయి. అవి లోపలికి పోయాయో చచ్చాయో నాకు తెలియదు. ఆయన తెప్ప మీద చెరువు లోపలికి వెళ్ళి, మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళేన్ని తాడుతో పైకి లాగాడు. పళ్ళెంలో రొయ్యలు ఎగిరాయి. ఒకటి ఎగిరి ఆయన చొక్కా మీద పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి నీళ్ళలో వదిలి, ఆమెకు వినపడేలా ఉండాయి అని కేక వేశాడు.

ఆమె అప్పుడు కూర్చుంది. గట్టు మీద, బురదలో, చీర సంగతి చూసుకోకుండా. కొంగుతో మొహం తుడుచుకుంది. అది వానో ఏడుపో మేం చూడకుండా అటు తిరిగి నిలబడ్డాం.

ఇంకా వెలుతురు ఉండగానే మోటారు కొట్టంలో అన్నం పెట్టింది. రొయ్యల పులుసు కాదు, చింతకాయ పచ్చడీ మజ్జిగా. టర్నరు ఆకలి మీద మాట్లాడకుండా తింటున్నాడు. నాకు మాత్రం టైర్ల మంట ఇంకా చల్లారలేదు. మీ ఆయన అనుమానం వల్ల ఎంత ప్రమాదం వచ్చేదో చూడమ్మా అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"టైర్లు ఇప్పమన్నది ఆయన కాదన్నా. నేను. మేస్త్రీకి చెప్పేద్దామని ఆయన మొదటి తూరే అన్నాడు. నేనే ఒద్దన్నా. మీ ఈదిలో మా అన్న బండి ఇస్తే జాకీ పొయ్యింది. అందుకని."

 మమ్మల్ని దొంగలనుకున్నావా అని అడిగాను.

"అనుకున్నా."

ఇప్పుడు కూడానా అన్నాను. ఆమె నిజంగానే కాసేపు ఆలోచించి, ఇప్పుడు కూడా కొంచెం ఉందనీ, అయినా ఇకమీదట బండి ఎట్లా ఉంటే అట్లాగే తెస్తాననీ చెప్పింది. టర్నరు పొలమారి దగ్గాడు. నాకు నవ్వొచ్చింది. ముఖస్తుతికి కూడా అబద్ధం ఆడలేని మనిషి మీద ఎంతసేపు కోపంగా ఉండగలం?

నేను ఆమె భర్త వైపు తిరిగాను. అంతమంది ముందు అన్నేసి మాటలు అన్నాను కదయ్యా, నాది కాదని ఒక్క మాట చెప్పకుండా ఎందుకు పడ్డావని అడిగాను. ఆయన ముద్ద కలుపుకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"నేను నోరు తెరిస్తే మీరు ఆమెను తిట్టేవోళ్ళు గదా మేస్త్రీ. ఆమె గట్టు మీద బండి తోలాల."

అంతే చెప్పి, ఇంకొంచెం మజ్జిగ పొయ్యమని ఆమెను అడిగాడు.